కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్: శిశు సంక్షేమ శాఖలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖల సంచాలకులకు, ప్రాజెక్టు అధికారులకు, సూపర్‌వైజర్లకు నమస్కారములు.

అయ్యా, అమ్మా,

నేను ముప్పై రెండేళ్లు ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి, 2019లో పదవీ విరమణ చేశాను. ఇంట్లో వాడే రసాయనాల గురించి చిన్నపిల్లలకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్పినంత మాత్రాన సరిపోనిది ఎక్కడ అన్న విషయంపై నాకు తెలిసిన నాలుగు మాటలు మీ ముందు పెట్టడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, వాళ్ల తల్లులు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఒకే గడప దాటి లోపలికి వచ్చే చోటు మన ఊళ్లలో అదొక్కటే కాబట్టి ఈ మాట ఆసుపత్రులకు కాక మీకు చెప్పడమే సబబు అనుకున్నాను. ఆసుపత్రికి బిడ్డ వచ్చేటప్పటికి పాఠం చెప్పే సమయం దాటిపోయి ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వార్డుకు వచ్చే విషం కేసులలో ఎక్కువ భాగం కిరసనాయిలుదే. వంటింట్లో పొయ్యి పక్కన చిన్న సీసాలోనో, గ్లాసులోనో పోసి పెట్టిన కిరసనాయిలును ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు నీళ్లనుకుని తాగేవారు. ఎండాకాలంలో ఇవి మరీ ఎక్కువగా వచ్చేవి. దాహం వేసిన బిడ్డ చేతికి అందిన సీసాను ఎత్తుకుంటుంది, అంతే. తరువాత గ్యాస్ పొయ్యిలు వచ్చాయి, రేషన్ కిరసనాయిలు కనుమరుగైంది, ఇక ఆ బాధ తప్పిందని మేమందరం అనుకున్నాం. కానీ ఆ మంచాలు ఖాళీగా ఉండలేదు. కిరసనాయిలు స్థానంలో దోమల మందు ద్రావణం, ఫినాయిల్, బాత్రూం యాసిడ్, తలకు వేసే నల్లరంగు, ఎలుకల పేస్టు వచ్చాయి. దోమల మందు సీసాలో ఉండేది కూడా చాలావరకు కిరసనాయిలు జాతి నూనేనని, అందులో కొద్ది పాళ్లలో దోమల విషం కలిపి ఉంటుందని ఇళ్లలో ఎంతమందికి తెలుసు? కిరసనాయిలు పోయిందనుకున్న ఇంట్లో అది గోడకు తగిలించుకుని కూర్చుంది, బిడ్డ చేతికి అందే ఎత్తులోని ప్లగ్గులో.

ఇక పాఠం సంగతికి వస్తాను. మొట్టమొదటి చిక్కు మన మాటలోనే ఉంది. తెలుగులో మందు అంటే ఏమిటి? జ్వరం వస్తే అమ్మ చెంచాతో పోసేది మందు. చీమలు రాకుండా గోడ పక్కన చల్లేది చీమల మందు. ఎలుకను చంపేది ఎలుకల మందు, పత్తి మీద పిచికారీ చేసేది పురుగుమందు, దీపావళికి కాల్చేది మందుగుండు, నాన్న సాయంత్రం తాగి వచ్చేదీ మందే. చేనులో చేసే పనికీ, సారా దుకాణంలో చేసే పనికీ మనవాళ్లు వాడే మాట ఒకటే: మందు కొట్టడం. పెద్దవాళ్లకు ఇందులో తికమక ఏమీ లేదు, ముందూ వెనకా చూసి అర్థం చేసుకుంటారు. మూడేళ్ల బిడ్డకు ఆ ముందువెనకలు ఎక్కడివి? "మందు తాగితే తగ్గిపోతుందమ్మా, మంచి పిల్లవు కదూ" అని బుజ్జగించి తాగించిన తల్లే మరునాడు "అది మందు, ముట్టుకోకు" అని కసురుకుంటుంది. మా వార్డులో ఒక పాప చీమల మందు పొడి నోట్లో వేసుకుంది. ఎందుకు తిన్నావని తల్లి ఏడుస్తూ అడిగితే, "దగ్గొచ్చింది" అని చెప్పింది. ఆ జవాబు నేను ఇంతవరకు మరచిపోలేదు. అందుకని నా మొదటి విన్నపం చాలా చిన్నది, పైసా ఖర్చు లేనిది: అంగన్‌వాడీ తరగతిలో మందు అన్న మాటను అమ్మ చేతితో ఇచ్చే దానికి మాత్రమే ఉంచండి. మిగిలిన వాటన్నిటినీ టీచరు, ఆయా, సూపర్‌వైజరు అందరూ విషం అనే పిలవాలి. ఎలుకల విషం, చీమల విషం, దోమల విషం. రెండు నెలలు అలా పిలిస్తే పిల్లలు ఆ మాటను ఇంటికి తీసుకువెళతారు. పిల్లలు తెచ్చిన మాట ఇళ్లలో ఎంత తొందరగా చెలామణి అవుతుందో టీచర్లకు నేను చెప్పనక్కర లేదు.

ఇదే కోవలో ఇంకొక అలవాటు ఉంది. మాత్ర మింగనని మారాం చేసే పిల్లలకు అది చాక్లెట్ అని, పిప్పరమెంటు అని చెప్పి ఇస్తాం. ఆసుపత్రిలో నేను కూడా ఎన్నోసార్లు ఆ అబద్ధం ఆడాను, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. నులిపురుగుల నివారణ దినాన కేంద్రంలో ఇచ్చే చప్పరించే మాత్ర నిజంగానే తియ్యగా ఉంటుంది. దాన్ని బిళ్ల అని మురిపించి ఇవ్వకుండా, "ఇది మందు, టీచరు ఇస్తేనే తినాలి, ఒక్కటే తినాలి" అని చెప్పి ఇవ్వడానికి పట్టేది అర నిమిషం. గర్భిణులకు ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పది కిలోల బరువున్న బిడ్డ పది మాత్రలు మింగితే కిలోకు 60 మిల్లీగ్రాముల లెక్కకు చేరుతుంది, అది ప్రాణం మీదికి వచ్చే మోతాదు. రెండోసారి కడుపుతో ఉన్న తల్లి ఇంట్లో సరిగ్గా ఆ బరువున్న బిడ్డే తిరుగుతూ ఉంటుంది. మాత్రలు పైన చక్కెర పూతతో నిగనిగలాడుతూ ఉంటాయి. వాటిని ఇచ్చేటప్పుడు "భోజనం తరువాత వేసుకో" అని చెబుతున్నాం, "ఎక్కడ పెడతావు?" అని అడగడం లేదు.

పదవీ విరమణ తరువాత మా మనవరాలు వెళ్లే అంగన్‌వాడీలో, టీచరు అనుమతితో, ఈ పాఠం చెప్పడానికి నేనే ప్రయత్నించాను. ఆ ప్రయత్నం మొదట ఘోరంగా బెడిసికొట్టింది. ఎలా బెడిసికొట్టిందో చెబితే మీ పాఠ్య ప్రణాళిక రాసేవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. ఇంట్లో వాడేసిన సీసాలను కడిగి, వాటిలో అదే రంగు నీళ్లు పోసి తీసుకుపోయి వరుసగా పెట్టాను: నీలం రంగు బాత్రూం క్లీనరు, తెల్లటి ఫినాయిల్, దోమల మందు సీసా, వాటితో పాటు ఒక చీమల సుద్దముక్క, కాగితం మీద అతికించిన కలరా ఉండల బొమ్మ. ఇవేమిటో చెప్పమంటే నాలుగేళ్ల పిల్లలు ఏమాత్రం తడుముకోలేదు. నీలం రంగుది షర్బత్, తెల్లది పాలు, కలరా ఉండలు పిప్పరమెంట్లు. చీమల సుద్దముక్కనైతే ఒక పిల్లవాడు తీసుకుని పలక మీద గీయబోయాడు. దానిని చూస్తే బలపం కాదని ఎవరనగలరు? పైరెత్రాయిడ్ జాతి పురుగుల విషాన్ని సుద్దలో కలిపి, బడిలో వాడే చాక్‌పీసు ఆకారంలోనే పోతపోసి, పసిపిల్లలున్న ఇంట్లో నేల మీద గీయమని అమ్మడం ఎవరి ఆలోచనో గానీ, పిల్లల వార్డు వైపు తొంగిచూసినవారి ఆలోచన మాత్రం కాదు.

పాఠం బాగా సాగుతోందని నేను సంబరపడుతున్నంతలో ఒక పాప లేచి, "అమ్మమ్మా, దీంట్లో నీళ్లే కదా పోశావు, తాగొచ్చా?" అని అడిగింది. నేను దొడ్లో సీసాలు కడిగి నీళ్లు పోస్తుండగా ఆ పాప చూసిందట. నేను చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసివచ్చింది. బాత్రూం క్లీనరు సీసాలో మంచినీళ్లు ఉంటాయని, అమ్మమ్మే స్వయంగా పోస్తుందని నేను పదకొండు మంది పిల్లలకు నేర్పాను. కాబట్టి అసలు సీసాలను, కడిగినవైనా సరే, తరగతికి తేవద్దని నా మనవి. బొమ్మలు, ఫొటోలు చాలు.

రెండోసారి ఫొటోలతోనే మొదలుపెట్టాం. టీచరు రెండు వరుసలు కట్టి పాడించింది: "సీసా దొరికితే ముట్టుకోను, అమ్మను పిలిచి చూపిస్తాను." పిల్లలు రెండు వారాలలో నేర్చుకున్నారు, వీధిలో కూడా పాడుకుంటూ తిరిగారు. ఫొటో చూపిస్తే విషం అని అరిచేవారు. అప్పుడు ఒక రోజు మూత బిగించిన కూల్‌డ్రింక్ సీసాలో కొబ్బరినీళ్లు పోసి, ఎవరికీ చెప్పకుండా కిటికీ గూట్లో పెట్టి ఊరుకున్నాం. అంతకు ఐదు నిమిషాల ముందు గొంతెత్తి పాట పాడిన పిల్లవాడే నేరుగా వెళ్లి, దాన్ని దించి, పళ్లతో మూత తీయబోయాడు. టీచరు ఆపి, "సీసా దొరికితే ఏం చేయాలి?" అని అడిగితే, వాడు నిజాయితీగా ఆశ్చర్యపోయి, "ఇది సీసా కాదు టీచర్, డ్రింకు" అన్నాడు.

నేను మీకు చెప్పదలచినదంతా ఆ పిల్లవాడి మాటలో ఉంది. చిన్నపిల్లలకు రసాయనం తెలియదు, లేబులు తెలియదు, వాసన చూసి అనుమానించడమూ తెలియదు. వాళ్లకు తెలిసింది పాత్ర. పాలగ్లాసులో ఉన్నది పాలు, నీళ్ల సీసాలో ఉన్నది నీళ్లు, డ్రింకు సీసాలో ఉన్నది డ్రింకు. ఆ తెలివి తప్పు కాదు, ఆ వయసుకు అదే సరైన తెలివి. దాన్ని మనం ప్రతిరోజూ వమ్ము చేస్తున్నాం. వీధిలో ఆటో మీదనో తోపుడు బండి మీదనో వచ్చే ఫినాయిల్‌ను, యాసిడ్‌ను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలలో, మంచినీళ్ల సీసాలలో పట్టించుకుంటాం. తెల్ల ఫినాయిల్ నీళ్లలో కలిపితే అచ్చం పాలు. వీధిలో అమ్మే యాసిడ్ రంగు లేకుండా ఉంటే అచ్చం నీళ్లు. పురుగుమందు మిగిలితే మద్యం సీసాలో పోసి అటక మీద పెడతాం. కలరా ఉండలను బీరువాలో బట్టల మధ్య వదిలేస్తాం, పండక్కి బట్టలు తీస్తే మంచం మీద దొర్లుతాయి. మన పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే జి6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది. అలాంటి బిడ్డ ఒక్క ఉండ మింగినా రక్తకణాలు పగిలిపోయి, ఒంటి రంగు పాలిపోయి, మూత్రం నల్లగా రావచ్చు. ఎలుకల పేస్టును టమాటా ముక్క మీదనో, బజ్జీ లోపలో పెట్టి మూలకు తోస్తాం. ఆ మూలకు ఎలుక కంటే ముందు పాకే బిడ్డ చేరుకుంటుంది.

మా వార్డుకు వచ్చిన ఒక అబ్బాయి గురించి చెప్పక తప్పదు. నీళ్ల సీసాలో పోయించుకున్న బాత్రూం యాసిడ్‌ను మూడేళ్ల వయసులో ఒక్క గుక్క తాగాడు. ప్రాణం దక్కింది. కానీ అన్నవాహిక కాలి, మానుతూ మానుతూ సన్నగా మూసుకుపోయింది. దాన్ని వెడల్పు చేయించడానికి ఆ తల్లి ఏళ్ల తరబడి అతడిని తీసుకువస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఒక స్టీలు డబ్బాలో గంజి తెచ్చుకునేవారు. "సిస్టరమ్మా, వాడికి చెప్పలేదని కాదు, బాత్రూంలోవి ముట్టుకోవద్దని రోజూ చెబుతాను" అని ఆమె ఎన్నిసార్లు అన్నదో. ఆమె చెప్పింది నిజమే. ఆ సీసా బాత్రూంలో లేదు, వంటింటి గట్టు మీద ఉంది.

ఈ పాత్రల సంగతి ఇళ్లతోనే ఆగదని మీ శాఖకు గుర్తు చేయడం నా ఉద్దేశం. 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. కూర రుచి వేరుగా ఉందని పిల్లలు చెప్పారని అప్పట్లో వార్తలలో వచ్చింది. పిల్లల నోరు చెప్పిన మాటను పెద్దలు పట్టించుకుని ఉంటే ఎంతమంది బతికేవారో అని ఆ వార్త చదివిన రోజున మా డ్యూటీ గదిలో ఎవరమూ అన్నం తినలేకపోయాం. నేను చూసిన అంగన్‌వాడీ కేంద్రాలలో కొన్నిటిలో గుడ్లు, నూనె, పిండి ప్యాకెట్లు ఉండే గదిలోనే ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు కూడా ఉంటాయి. ఉన్నది ఒకటే గది అయినప్పుడు టీచరును తప్పుపట్టి లాభం లేదు. ఆమెకు పిల్లల తల ఎత్తుకు మించి, పెద్దల భుజం ఎత్తున, గోడకు బిగించిన తాళం పెట్టె ఒకటి ఇప్పించండి. ఆ పెట్టె పిల్లలకు కనిపించాలి కూడా: "టీచరు విషాన్ని ఎక్కడ పెడుతుంది? తాళం వేసిన పెట్టెలో." ఇది ఏ పాటా నేర్పలేని పాఠం. అలాగే మరుగుదొడ్డి కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పోస్తే బాగా తెల్లబడుతుందన్న నమ్మకం ఆయాలలో, ఇళ్లలో ఉంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ఇరవై మంది పిల్లలు నిద్రపోతుండగా ఆ పని చేయకూడదని ఒక్క శిక్షణ రోజున అయినా చెప్పించండి.

లేబుళ్ల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. పురుగుమందుల డబ్బాల మీద చట్టప్రకారం ఒక వజ్రాకారపు గుర్తు ఉంటుంది. అతి తీవ్రమైన వాటికి ఎరుపు, ఆ తరువాత పసుపు, నీలం, అన్నిటికన్నా తక్కువ తీవ్రత ఉన్న వాటికి ఆకుపచ్చ. రైతుకు అది తెలిస్తే మేలే. కానీ ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం అని బిస్కెట్ ప్యాకెట్ చూసి నేర్చుకున్న పిల్లలకు ఆకుపచ్చ గుర్తు ఏం చెబుతుందో ఆలోచించండి. పుర్రె గుర్తు కూడా అంతే. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రివారు 1971లో, పుర్రె బొమ్మ చూస్తే అక్కడి పిల్లలకు భయం కాక సముద్రపు దొంగల కథల సరదా గుర్తుకు వస్తోందని, దాని బదులు వెగటుగా ముఖం చిట్లించిన ఆకుపచ్చ బొమ్మ ఒకటి తయారుచేశారు. అది బాగా పేరు పొందింది, కానీ తరువాత పరీక్షించి చూస్తే మరీ చిన్నపిల్లలను ఆ బొమ్మ దూరంగా ఉంచలేదని, కొందరు దాని వైపే వెళ్లారని తేలింది. అదే దేశంలో 1970లో వచ్చిన చట్టంతో మందుల సీసాలకు పిల్లలు సులభంగా తీయలేని మూతలు పెట్టడం మొదలయ్యాక మాత్రం పసిపిల్లల ఆస్పిరిన్ మరణాలు బాగా తగ్గాయి. బొమ్మ కన్నా మూత మేలు, మూత కన్నా తాళం మేలు.

అలా అని పిల్లలకు చెప్పవలసింది ఏమీ లేదని కాదు. మూడేళ్ల లోపు బిడ్డకు ఏ పాఠమూ చెప్పి ప్రయోజనం లేదు, అక్కడ ఉన్నది తాళం ఒక్కటే. మూడు దాటాక ఒక్క అలవాటు నేర్పవచ్చు: ఎవరూ చేతికి ఇవ్వనిది నోట్లో పెట్టుకోకపోవడం. ఇందులో సీసా, పొడి, బిళ్ల అన్న తేడా లేదు, అది డ్రింకా కాదా అన్న వాదన లేదు. కిటికీ గూటి సంగతి జరిగాక మా టీచరు పాటను మార్చింది. ఇప్పుడు అందులో సీసా అన్న మాటే లేదు. "అడిగి తింటాను, అడిగి తాగుతాను" అన్నదే ఉంది. భోజనం దగ్గర, గుడ్డు దగ్గర, నీళ్ల కుండ దగ్గర కూడా ఆ మాట అనిపించి ఇస్తోంది. విషం పాఠం వారానికి ఒకసారి చెప్పేది కాకుండా రోజుకు మూడుసార్లు చేసే పనిగా మారింది. ఆరేళ్లు దాటిన అక్కలు, అన్నలు ఉన్న ఇళ్లలో వాళ్లకు చెప్పవలసింది వేరు, తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండేది తరచుగా వాళ్లే కాబట్టి. ఆ బాధ్యత మీ శాఖ కన్నా పాఠశాల విద్యాశాఖది.

భయపెట్టే పద్ధతి మాత్రం వద్దు. "ముట్టుకుంటే చచ్చిపోతావు", "పోలీసు వస్తాడు" అని బెదిరించి నేర్పిన పిల్లలు తాగడం మానడం సంగతి అటుంచి, తాగాక చెప్పడం మానేస్తారు. తన్నులు పడతాయని మంచం కింద దాక్కున్న బిడ్డను సాయంత్రం కనుక్కుని తెచ్చిన తల్లిదండ్రులను నేను చూశాను. పెద్దవాళ్లదీ ఇదే తీరు. విషం కేసు అంటే ఆసుపత్రిలో పోలీసులకు తెలియజేస్తారని భయపడి, ఏం తాగాడో చెప్పకుండా ఇంటి వైద్యం చేసి, ఆలస్యంగా వస్తారు. వచ్చాక కూడా అబద్ధం చెబుతారు. పిల్లలు ప్రమాదవశాత్తు తాగిన దానికి తల్లిని ఎవరూ జైల్లో వేయరని, దాచడమే ప్రమాదమని తల్లుల సమావేశంలో టీచరు చెబితే నమ్ముతారు, నాలాంటి వాళ్లు ఆసుపత్రిలో చెబితే నమ్మరు.

ఆ సమావేశంలోనే ఇంకొక మాట కూడా చెప్పించాలి, ఇది పిల్లల పాఠం కాదు, పెద్దలది. విషం తాగిన బిడ్డ చేత వాంతి చేయించకూడదు. మన ఊళ్లలో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చివరికి పేడనీళ్లు కూడా పట్టించి వాంతి చేయిస్తారు. కిరసనాయిలు, దోమల మందు వంటి పలుచని నూనెలు కడుపులో ఉన్నప్పటి కన్నా వాంతిలో పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి జారినప్పుడు ఎక్కువ హాని చేస్తాయి. కిరసనాయిలుతో వచ్చిన పిల్లలకు మేము చూసిన నిమోనియా అలా వచ్చిందే. యాసిడ్ వాంతిలో తిరిగి వస్తే గొంతు రెండోసారి కాలుతుంది. నోట్లో మిగిలి ఉంటే తుడిచి, ఒంటి మీద పడిన బట్టలు విప్పి, చర్మం కడిగి, తాగిన సీసాను, మిగిలిన మాత్రల అట్టను వెంట పెట్టుకుని 108కి ఫోన్ చేయాలి. ఆ సీసా ఆసుపత్రిలో మాకు సగం పని తగ్గిస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఈ రెండు నంబర్లూ కేంద్రం గోడ మీద, పోషకాహార పట్టిక పక్కన, రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.

"బాగానే ఆడుకుంటున్నాడు కదా" అన్న మాటను నమ్మవద్దని కూడా చెప్పాలి. పసుపు భాస్వరం ఉండే ఎలుకల పేస్టు తిన్న బిడ్డ మొదటి ఒకటి రెండు రోజులు మామూలుగానే కనిపించి, తరువాత కాలేయం దెబ్బతిని పడిపోవచ్చు. ఐరన్ మాత్రలు మింగిన బిడ్డ కూడా వాంతులు తగ్గి కాస్త కుదుటపడినట్టు కనిపించి మళ్లీ విషమిస్తుంది. రిమోట్లలో, పాడే బొమ్మలలో ఉండే గుండీ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటలలోనే కాల్చడం మొదలుపెడుతుంది. ఇక సున్నం. తాతల సున్నపుకాయ, కిళ్లీ కొట్టులో ఇచ్చే చిన్న సున్నం ప్యాకెట్టు విషాల లెక్కలో ఎవరికీ రావు. ఆ ప్యాకెట్టును పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే పగిలి సున్నం కళ్లలోకి చిమ్ముతుంది, హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు పిల్లల కళ్లకు జరిగే ఈ హాని గురించి వైద్య పత్రికలలో రాశారు కూడా. కంట్లో సున్నం పడితే తల్లిపాలు పిండడం, కొబ్బరినూనె పోయడం కాదు, కనిపించే నలకలను తడిగుడ్డతో తీసి, ధారగా మంచినీళ్లతో ఇరవై నిమిషాలకు తగ్గకుండా కడిగి, ఆ తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి. ఇతర ప్రమాదాలలో పరుగెత్తమని చెప్పే నేను ఈ ఒక్కదానిలో మాత్రం ముందు ఆగి కడగమంటాను.

చివరిగా ఒక పని మీ చేతిలో పూర్తిగా ఉంది. ఊళ్లలో ఫినాయిల్ తయారుచేసి అమ్మేవారిలో డ్వాక్రా సంఘాల మహిళలు చాలామంది ఉన్నారు. కేంద్రాల కోసం వారి దగ్గర కొనే చోట, పానీయాల సీసాలలో పోసి ఇచ్చిన సరుకును తీసుకోబోమని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. వారి మీద కోపంతో చెప్పడం లేదు. వాళ్లూ తల్లులే, కొత్త సీసాకు అయ్యే ఖర్చు వారికి భారమే. ఆ ఖర్చు ధరలో కలుపుకోనివ్వండి. సంఘం సమావేశంలో ఇది ఒకసారి తీర్మానమైతే, వీధి ఆటోవాడి సీసాను ఆ మహిళలే వద్దంటారు.

మా వీధి కేంద్రంలో తాళం పెట్టె మేము చందా వేసుకుని చేయించాం. వడ్రంగి కూలి తీసుకోలేదు. తాళం చెవి టీచరు మెడలో ఉంటుంది. పోయిన వారం మా మనవరాలు ఇంట్లో దోమల మందు సీసాను ప్లగ్గులో చూసి, వాళ్ల అమ్మను పిలిచి, "దీనికి పెట్టె ఏదీ?" అని అడిగింది. మా అమ్మాయి నా వైపు చూసింది. మా ఇంట్లో ఆ పెట్టె ఇంకా లేదు, వడ్రంగికి కబురు చేశాను. మీ శాఖ ఏ ప్రాజెక్టులోనైనా ఈ పాఠాన్ని పెట్టి చూడదలిస్తే టీచర్ల శిక్షణకు నేను సొంత ఖర్చులతో వచ్చి, నేను చేసిన తప్పుతో సహా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
పిల్లల వార్డు నుంచి పదవీ విరమణ చేసిన ఒక హెడ్ నర్సు